^^ ఎందుకు లేదు? ప్రోగ్రామింగ్ భాషకు కొత్త తార్కిక ఆపరేటర్ చేర్చడంలోని చిక్కులు

సీ భాషను గానీ, దాని సంతతికి చెందిన జావా, జావాస్క్రిప్ట్, సీ షార్ప్ వంటి భాషలను గానీ నేర్చుకునేవారికి ఏదో ఒక దశలో ఒక సందేహం కలుగుతుంది. రెండు విలువలను బిట్లవారీగా (0, 1 అంకెలవారీగా) కలిపే ఆపరేటర్లు &, |, ^ అని మూడు ఉన్నాయి. వాటిలో మొదటి రెండింటికి నిజం, అబద్ధం అనే విలువల మీద పనిచేసే &&, || అనే జోడీలు ఉన్నాయి. మూడోదానికి మాత్రం ^^ అనే జోడీ లేదు. రెండు షరతుల్లో సరిగ్గా ఒక్కటి నిజమైనప్పుడే నిజమని చెప్పే ఈ ఆపరేటర్‌ను ఎక్సార్ అంటారు. ఏ విలువలకు ఏ ఫలితమో చూపే దాని సత్యపట్టికలో ఉండేవి నాలుగు వరుసలే, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌లో దాన్ని అమలు చేయడమూ పెద్ద పనేమీ కాదు. అయినా కొన్ని భాషలు దశాబ్దాలుగా దాని జోలికి పోలేదు, కొన్ని ఆలస్యంగా చేర్చుకున్నాయి, ఇంకొన్ని తమ దగ్గరున్న ఇతర తార్కిక ఆపరేటర్లను సైతం వదిలించుకున్నాయి. ఈ తేడాలన్నీ సత్యపట్టికకు బయట పుట్టినవి. ఆపరేటర్ తన ఆపరాండ్లను (తాను పనిచేసే విలువలను) ఎప్పుడు లెక్కిస్తుంది, ఏ విలువను తిరిగి ఇస్తుంది, పక్కనున్న ఆపరేటర్లతో కలిసినప్పుడు ఎవరి వంతు ముందు వస్తుంది అన్న ప్రశ్నల దగ్గరే చిక్కంతా ఉంది.

పదహారులో ఎన్ని?

రెండు బూలియన్ (నిజం, అబద్ధం) విలువలను తీసుకుని ఒక బూలియన్ విలువను ఇచ్చే ప్రమేయాలు మొత్తం 16. వాటిలో ఆరు లెక్కలోకి రావు, ఎందుకంటే అవి ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తాయి, లేదా రెండు ఆపరాండ్లలో ఒకదాన్ని పూర్తిగా విస్మరిస్తాయి. మిగిలిన పదింటిలో ఏవేవి భాషలో ఆపరేటర్లుగా ఉండాలన్నది మొదటినుంచీ రూపకర్తల ఇష్టాన్ని బట్టే సాగింది. ఆల్గాల్ 60లో ‘కాదు’, ‘మరియు’, ‘లేదా’లతో పాటు ‘అయితే’ అనే అర్థమిచ్చే ⊃, రెండూ సమానమేనా అని చూసే ≡ కూడా ఉండేవి. ఫోర్‌ట్రాన్ 77లో సమానత్వానికి ఒకటి, అసమానత్వానికి ఒకటి చొప్పున తార్కిక ఆపరేటర్లు ఉన్నాయి. సీ మాత్రం &&, ||, ! అనే మూడింటితో సరిపెట్టుకుంది, తర్వాత వచ్చిన చాలా భాషలు దాన్నే అనుసరించాయి.

ఈ సరిపెట్టుకోవడంలో ఒక క్రమం ఉంది. ‘జాబితా ఖాళీగా లేదు && జాబితాలోని మొదటి సంఖ్య సున్నా కంటే ఎక్కువ’ అని రాసినప్పుడు, జాబితా ఖాళీగా ఉంటే కంప్యూటర్ రెండో భాగాన్ని ముట్టుకోదు, ముట్టుకుంటే లేని మూలకం కోసం వెతికి ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఎడమవైపు విలువతోనే ఫలితం తేలిపోతే కుడివైపును లెక్కించకుండా వదిలేసే ఈ పద్ధతిని షార్ట్ సర్క్యూట్ అంటారు. కాబట్టి && అనేది పైకి లెక్కలా కనిపించినా నిజానికి ఒక చిన్న ‘ఇఫ్’ వాక్యం. ముందు చెప్పిన పది ప్రమేయాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఎనిమిదింటికి ఈ గుణం ఉంటుంది, అంటే ఎడమవైపు ఏదో ఒక విలువ వచ్చినప్పుడు కుడివైపుతో పని ఉండదు. ఈ గుణం లేనివి రెండే, ఒకటి ఎక్సార్, రెండోది దానికి వ్యతిరేకమైన సమానత్వం. ఎడమవైపు ఏ విలువ వచ్చినా ఈ రెండింటికీ కుడివైపు విలువ తెలిసి తీరాలి.

అందువల్ల &, && అన్న రెండింటి మధ్య ఉన్నంత తేడా ^, ^^ అన్నవాటి మధ్య ఉండే అవకాశమే లేదు. జావాలో ^ గుర్తును బూలియన్ విలువల మీద నేరుగా వాడవచ్చు, అది సరిగ్గా తార్కిక ఎక్సార్‌లాగే పనిచేస్తుంది. విజువల్ బేసిక్ డాట్‌నెట్‌లో షార్ట్ సర్క్యూట్ చేసే ‘అండ్‌ఆల్సో’, ‘ఆర్‌ఎల్స్’ అనే ఆపరేటర్లు ఉన్నా ఎక్సార్‌కు అలాంటి తోడు లేకపోవడానికి కారణమూ ఇదే.

ఉన్నవాటితో సరిపోదా?

బూలియన్ రకం గట్టిగా ఉన్న భాషల్లో ఎక్సార్‌కు ఇప్పటికే ఒక పేరుంది, అది !=. రెండు బూలియన్లు సమానం కాకపోతే వాటిలో సరిగ్గా ఒకటి నిజమన్నమాట. సీ భాషలో సున్నా కానిదల్లా నిజమే కాబట్టి 2, 5 రెండూ నిజాలే అయినా అవి సమానం కావు. అక్కడ ‘!క != !ఖ’ అని రాస్తే సరిపోతుంది. చూడటానికి అంత ముచ్చటగా లేకపోయినా, ఇందులో క, ఖ రెండూ ఒక్కొక్కసారే రాస్తున్నామని గమనించాలి. దీని ప్రాముఖ్యం ముందుముందు తెలుస్తుంది.

ఈ మార్గంలో ఒక గుంట పైథాన్‌లో ఉంది. ఆ భాషలో పోలికలు గొలుసుకట్టుగా సాగుతాయి కాబట్టి ‘క != ఖ != గ’ అంటే ‘క, ఖ సమానం కావు, ఖ, గ కూడా సమానం కావు’ అని అర్థం, మూడింటి ఎక్సార్ అని కాదు. ఎక్సార్‌ను కోరేవారు దీన్ని చూపించి ప్రత్యేక ఆపరేటర్ కావాలంటారు. అయితే ఆ ఆపరేటర్ వచ్చాక మరో గుంట ఎదురుచూస్తూ ఉంటుంది. డబ్బు పంపే ఒక యాప్‌లో గ్రహీతను యూపీఐ ఐడీతోనో ఖాతా నంబరుతోనో, ఏదో ఒక్కదానితోనే సూచించాలన్న నియమం ఉందనుకుందాం. ‘ఐడీ ^^ ఖాతా’ అన్నది ఆ నియమానికి చక్కగా సరిపోతుంది. కొన్నాళ్లకు మొబైల్ నంబరును మూడో మార్గంగా చేర్చి ‘ఐడీ ^^ ఖాతా ^^ మొబైల్’ అని రాస్తే, మూడూ నింపినవారి దరఖాస్తు కూడా చెల్లిపోతుంది, ఎందుకంటే గొలుసుగా రాసిన ఎక్సార్ బేసి సంఖ్యలో నిజాలు ఉన్నప్పుడల్లా నిజమంటుంది. ‘సరిగ్గా ఒక్కటి’ అనే భావం రెండు ఆపరాండ్ల దగ్గరే ఆగిపోతుంది. నిజాల సంఖ్యను కూడి ఒకటితో పోల్చే పాత పద్ధతి ఎన్ని ఆపరాండ్లకైనా పనిచేస్తుంది, చదివేవారిని తప్పుదోవ పట్టించదు. నా దృష్టిలో ఎక్సార్‌కు వ్యతిరేకంగా ఉన్న వాదనల్లో అన్నింటికంటే బలమైనది ఇదే, విచిత్రంగా చర్చల్లో తక్కువగా వినిపించేదీ ఇదే.

తిరిగి ఇచ్చే విలువ సంగతి మరొకటి. పైథాన్, జావాస్క్రిప్ట్, పెర్ల్ భాషల్లో ‘మరియు’, ‘లేదా’ ఆపరేటర్లు నిజం, అబద్ధం అనే రెండు విలువలకే పరిమితం కావు, ఫలితాన్ని తేల్చిన ఆపరాండ్‌నే తిరిగి ఇస్తాయి. ‘పేరు || "అతిథి"’ అని రాస్తే పేరు ఉంటే పేరే వస్తుంది. ఎక్సార్‌లో రెండు ఆపరాండ్లూ నిజమైనప్పుడు ఫలితం అబద్ధం, కానీ చేతిలో ఉన్న రెండు ఆపరాండ్లలో ఏదీ అబద్ధం కాదు, ఇక తిరిగి ఇవ్వడానికి ఏముంటుంది? రాకు అనే భాష, ఆపరాండ్లలో ఒక్కటే నిజమైతే దాన్నే ఇచ్చి, మిగతా సందర్భాలకు వేరే విలువ పెట్టుకుంది. ఇంకే భాషైనా ఇక్కడ తోటి ఆపరేటర్ల నియమాన్ని ఎక్సార్ కోసం సడలించక తప్పదు.

గుర్తుకూ పదానికీ ఉన్న ధర

ఆపరేటర్ అవసరమనే ఒప్పుకున్నా, దాన్ని గుర్తుగా పెట్టాలా, పదంగా పెట్టాలా అన్నది తేలాలి. పైథాన్‌లో ‘మరియు’, ‘లేదా’లు ఇంగ్లీషు పదాలే కాబట్టి ఎక్సార్ అనే పదాన్నీ కీవర్డ్‌గా (భాష తనకోసం కేటాయించుకున్న పదంగా) చేయడం సహజంగా తోస్తుంది. కానీ ఆ భాష ప్రామాణిక లైబ్రరీలోని ‘ఆపరేటర్’ మాడ్యూల్‌లో ఎక్సార్ అనే పేరుతోనే ఒక ఫంక్షన్ ఉంది. కీవర్డ్ అయిన పదాన్ని పేరుగా వాడకూడదు కాబట్టి ఆ ఫంక్షన్‌ను పిలిచే ప్రతి వరుసా చెల్లకుండా పోతుంది. పైథాన్ 3.7లో ‘అసింక్’ కీవర్డ్‌గా మారినప్పుడు ఆ పేరుతో పారామీటర్లు పెట్టుకున్న లైబ్రరీలు సరిగ్గా ఇలాగే దెబ్బతిన్నాయి.

గుర్తుల్లో కొరత ఇంకా ఎక్కువ. కీబోర్డు మీద ఉన్న గుర్తులు కొన్నే, వాటికోసం పోటీపడే అవసరాలు చాలా. సీ ప్లస్ ప్లస్‌లో ^^ దశాబ్దాలపాటు ఖాళీగా ఉంది. ప్రోగ్రామ్ తన సొంత నిర్మాణాన్ని తానే పరిశీలించుకునే రిఫ్లెక్షన్ సౌకర్యాన్ని ప్రతిపాదించినవారు మొదట ఒంటరి ^ గుర్తును ఎంచుకున్నారు, అది ఆబ్జెక్టివ్ సీ ప్లస్ ప్లస్‌లో ఇప్పటికే ఉన్న వాడుకతో ఢీకొనడంతో ^^కు మారారు. 2025 జూన్‌లో సోఫియాలో జరిగిన ప్రమాణాల కమిటీ సమావేశం ఆ సౌకర్యాన్ని సీ ప్లస్ ప్లస్ 26 ముసాయిదాలో చేర్చింది. రిఫ్లెక్షన్‌లో ఆ గుర్తు ఒకే ఆపరాండ్ ముందు వస్తుంది కాబట్టి ఎక్సార్‌కూ దాన్నే వాడటం సూత్రరీత్యా అసాధ్యమేమీ కాదు గానీ, ఆ ఊసు ఎత్తే ధైర్యం ఇక ఎవరికీ ఉండకపోవచ్చు.

ఏ ఆపరేటర్ వంతు ముందో తేల్చే ప్రాధాన్యక్రమం దగ్గర జరిగే పొరపాట్లు అన్నిటికంటే దీర్ఘాయుష్షు గలవి. పీహెచ్‌పీలో ఎక్సార్ పదరూపంలో ఉంది, కానీ విలువను ఆపాదించే = కంటే దాని ప్రాధాన్యం తక్కువ. అందువల్ల రెండు నిజాల ఎక్సార్‌ను ఒక చరరాశిలో దాచబోతే మొదటి నిజం చరరాశిలోకి వెళ్లిపోతుంది, ఎక్సార్ ఫలితం గాలికి పోతుంది. సీ భాష కథ ఇంతకంటే ప్రసిద్ధం. తొలి సీలో &&, || లేవు. &, | గుర్తులే ‘ఇఫ్’ వంటి చోట్ల తార్కికంగానూ, మిగతా చోట్ల బిట్ల మీదా పనిచేసేవి. ఈ గందరగోళాన్ని తొలగించడానికి అలన్ స్నైడర్ సూచన మేరకు &&, || వచ్చాయి. ఆ రోజే & ప్రాధాన్యాన్ని == కంటే పైకి జరపాల్సింది. అప్పటికే కొన్ని వందల కిలోబైట్ల సీ కోడ్, బహుశా మూడు చోట్ల సీ వాడకం ఉండటంతో దాన్ని కదపలేదని సీ సృష్టికర్త డెన్నిస్ రిచీ తర్వాత వివరించారు. ఫలితంగా ‘జెండాలు & 4 == 0’ అని రాస్తే సీ కంపైలర్ దాన్ని ‘జెండాలు & (4 == 0)’ అని చదువుకుంటుంది, జవాబు ఎప్పుడూ సున్నాయే. మూడు చోట్ల ఉన్న కోడ్‌ను కాపాడటానికి చేసిన సర్దుబాటు జావా, జావాస్క్రిప్ట్, సీ షార్ప్, పీహెచ్‌పీలకు వారసత్వంగా సంక్రమించింది. గో, రస్ట్, పైథాన్ దాన్ని సరిదిద్దుకున్నాయి. పైథాన్‌లో ఆ దిద్దుబాటు పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీ వాడేవారికి ఎదురు తిరిగింది. పట్టికలోని వరుసలను వడపోసేటప్పుడు పైథాన్ ‘మరియు’ పదం పనికిరాదు కాబట్టి & వాడాలి, అది పోలికల కంటే ముందే పట్టేసుకుంటుంది కాబట్టి ప్రతి పోలిక చుట్టూ బ్రాకెట్లు పెట్టాలి. ‘మరియు’, ‘లేదా’ల ప్రవర్తనను లైబ్రరీలు మార్చుకోగలిగేలా చేయాలన్న పెప్ 335 (పైథాన్ మెరుగుదల ప్రతిపాదన) 2004లో వచ్చి, 2012లో తిరస్కరణకు గురైంది.

విజువల్ బేసిక్ అనుభవం ఇదే సంగతిని మరో వైపు నుంచి చూపిస్తుంది. డాట్‌నెట్ తొలి బీటాలో మైక్రోసాఫ్ట్ పాత ‘అండ్’, ‘ఆర్’లను షార్ట్ సర్క్యూట్ చేసేలా మార్చింది. పాత కోడ్‌ను తరలించాల్సినవారు అభ్యంతరం చెప్పడంతో 2001లో ఆ మార్పును వెనక్కు తీసుకుని, కొత్త ప్రవర్తనకు ‘అండ్‌ఆల్సో’, ‘ఆర్‌ఎల్స్’ అనే కొత్త పేర్లు పెట్టాల్సి వచ్చింది. పాత ఆపరేటర్ అర్థాన్ని మార్చడం కంటే పక్కన కొత్తదాన్ని నిలబెట్టడమే తేలికైంది, దాని మూల్యంగా ఆ భాషలో ‘మరియు’, ‘లేదా’ పనులకు రెండేసి ఆపరేటర్లు మిగిలిపోయాయి.

ఇన్ని ఖర్చులున్నా పెర్ల్ 2024 జూన్‌లో వెలువడిన 5.40లో ^^ను చేర్చుకుంది. ఆ భాషలో తార్కిక ఆపరేటర్లు రెండు అంతస్తుల్లో ఉంటాయి. కింది అంతస్తులో తక్కువ ప్రాధాన్యం గల పదాలు మూడూ ఉన్నాయి, ఎక్సార్‌తో సహా. పై అంతస్తులో మాత్రం &&, || ఉండి మూడోచోటు ఖాళీగా ఉంది. వరుసలో ఖాళీగా ఉన్న చోటును పూరించడమే ఇది, భాషకు కొత్త భావాన్ని తేవడం కాదు. ఆ పరిధిలో పెర్ల్ నిర్ణయం సమంజసమే, కానీ దాన్ని చూపి పైథాన్‌నో జావానో ఒప్పించలేము.

‘అయితే’ అనే ఆపరేటర్

ఎక్సార్ కంటే చాలా బలమైన అభ్యర్థి ఇంప్లికేషన్, అంటే ‘క అయితే ఖ’. దరఖాస్తుదారు మైనరైతే సంరక్షకుడి సంతకం ఉండాలి అనే నియమాన్ని తీసుకుందాం. ఇప్పుడున్న ఆపరేటర్లతో దాన్ని ‘!మైనర్ || సంతకం’ అని రాయాలి. చదివేవారు దాన్ని మనసులో తిరగేసుకుంటే తప్ప అసలు నియమం కనిపించదు. షార్ట్ సర్క్యూట్ గుణం దీనికి నిండుగా ఉంది, మైనర్ కాకపోతే సంతకం కోసం వెతకనక్కరలేదు. నిబంధనలను కోడ్‌లోనే రాసి పరీక్షించే సంప్రదాయం ఉన్న ఎయిఫెల్ భాషలో ఇంగ్లీషులో ‘ఇంప్లైస్’ అనే ఆపరేటర్ మొదటి ఆపరాండ్ అబద్ధమైతే అక్కడితో ఆగిపోతుంది. ప్రోగ్రామ్ సరైనదని గణితరీత్యా నిరూపించే డాఫ్నీ భాషలో ==> అదే పని చేస్తుంది.

మరి సాధారణ భాషల్లో ఇది ఎందుకు లేదు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి గణితంలో ‘ప్రవచనాలు – సమితులు’ పాఠం చదివినవారికి దీని సత్యపట్టికలోని మూడో, నాలుగో వరుసలు గుర్తుండే ఉంటాయి. మొదటిది అబద్ధమైతే రెండోది ఏదైనా సరే, మొత్తం వాక్యం నిజం. నిబంధనలు రాసేటప్పుడు ఇది సహజంగానే ఉంటుంది, కానీ ‘ఇఫ్’ లోపల షరతుగా వాడినప్పుడు మాత్రం ఎక్కువమందిని తికమక పెడుతుంది. మైక్రోసాఫ్ట్ పాత బేసిక్‌లలో ఈ ఆపరేటర్ ఉండేది, డాట్‌నెట్ వచ్చాక తీసేశారు.

పైథాన్‌లో అబద్ధం నిజం కంటే చిన్నది కాబట్టి, రెండూ నికార్సైన బూలియన్లయితే ‘మైనర్ <= సంతకం’ అని రాసినా ఇంప్లికేషనే అవుతుంది. (పైథాన్ 3 తెలుగు లిపిలో పేర్లను అంగీకరిస్తుంది కాబట్టి ఆ వరుస అక్షరాలా నడుస్తుంది కూడా.) కానీ బాణం ఎదురు దిక్కుకు చూస్తున్నట్టు ఉంటుంది, షార్ట్ సర్క్యూట్ ఉండదు. జట్టులో ఎవరైనా ఇలా రాస్తే నేను మార్చమనే చెబుతాను.

ఏడా భాష 2012 ప్రమాణం వేరే దారి పట్టింది. కొత్త తార్కిక ఆపరేటర్ జోలికి పోకుండా, విలువనిచ్చే ‘ఇఫ్’ను భాషలోకి తెచ్చి, దానిలో ‘ఎల్స్’ భాగం లేకపోతే ఫలితం నిజమని నిర్ణయించింది. ‘(మైనరైతే సంతకం)’ అన్న ఆకారంలో రాసిన నియమం అందరూ చదవగలిగేలా ఉంటుంది, పట్టిక ఇంప్లికేషన్‌దే, ప్రాధాన్యక్రమం గొడవ బ్రాకెట్లతో తప్పిపోతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచిన పరిష్కారం ఇది.

నెగ్గిన ఆపరేటర్

ఇటీవలి కాలంలో తిరుగులేకుండా నెగ్గినది, ఎడమవైపు విలువ లేకపోతేనే కుడివైపుదాన్ని తీసుకునే ??. సీ షార్ప్‌లో 2005 నుంచి, పీహెచ్‌పీలో 2015లో వచ్చిన 7.0 నుంచి ఉన్న దీన్ని జావాస్క్రిప్ట్ 2020 ప్రమాణంలో చేర్చుకుంది. ‘నిరీక్షణ || 30’ అని రాస్తే, వాడుకరి కావాలనే సున్నా సెకన్లు ఇచ్చినా అది అబద్ధంగా లెక్కకొచ్చి 30 అయిపోతుంది. ఖాళీ పదాలకూ ఇదే గతి. జాలంలో ఉన్న పాత పేజీలు విరిగిపోతాయి కాబట్టి || అర్థాన్ని మార్చే ప్రసక్తి లేదు. ‘నిరీక్షణ ?? 30’ అయితే విలువ అసలు లేనప్పుడే 30ను తీసుకుంటుంది.

ఎక్సార్‌తో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. ?? లేకుండా ఇదే పని చేయాలంటే ఎడమవైపు వ్యక్తీకరణను ఒకసారి పరీక్షకు, మరోసారి విలువకు రాయాలి. అది ఫంక్షన్ పిలుపైతే రెండుసార్లు నడుస్తుంది, లేదంటే తాత్కాలిక చరరాశి పెట్టుకోవాలి. అంటే ఈ ఆపరేటర్ చేసే పనిని ఉన్న ఆపరేటర్లతో ఒకే వరుసలో, ప్రతి ఆపరాండ్‌ను ఒక్కసారే రాసి సాధించడం కుదరదు. దానికి తోడు, || వల్ల వచ్చే ఈ తప్పులు ప్రతిరోజూ నిజమైన ప్రోగ్రాముల్లో జరిగేవి. ప్రాధాన్యక్రమం విషయంలో జావాస్క్రిప్ట్ రూపకర్తలు ఏడా బాట పట్టారు. ఏడాలో ‘మరియు’, ‘లేదా’లను బ్రాకెట్లు లేకుండా కలపడమే తప్పు. అలాగే జావాస్క్రిప్ట్‌లో ??ను && లేదా ||తో బ్రాకెట్లు లేకుండా కలిపితే ప్రోగ్రామ్ నడవదు. రిచీకి దొరకని వెసులుబాటు ఇది, ఇవాళ నిషేధించినదాన్ని రేపు అనుమతించినా పాత కోడ్‌కు హాని జరగదు. ఇదే ఆపరేటర్‌ను పైథాన్‌కు తేవాలన్న పెప్ 505 మాత్రం 2015లో మొదలై వాయిదాలోనే ఉండిపోయింది.

సీ షార్ప్ బృందంలో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి కొత్త సౌకర్యమూ సున్నా నుంచి కాక మైనస్ 100 మార్కుల నుంచి మొదలవుతుంది, ఆ లోటును పూడ్చుకుని పైకి వస్తేనే భాషలోకి ప్రవేశం. ఆపరేటర్ విషయంలో ఆ లోటు ఇంకా లోతైనదని నేను అనుకుంటాను, ఎందుకంటే ఫంక్షన్ నచ్చకపోతే దాన్ని పిలవకుండా ఉండవచ్చు గానీ, ఆపరేటర్‌ను పక్కవారు రాసిన కోడ్‌లో చదవక తప్పదు, అర్థం కాకపోతే గుర్తును పట్టుకుని వెతకడమూ కష్టమే.

ఈ వాదన భాష రూపకర్తల గదిలోనే జరగనక్కరలేదనే భాషలూ ఉన్నాయి. స్విఫ్ట్‌లో ?? అనేది లైబ్రరీలో రాసిన ఫంక్షనే. కుడివైపు ఆపరాండ్‌ను అవసరమైనప్పుడే లెక్కించేలా దానంతటదే చుట్టిపెట్టే ఏర్పాటు భాషలో ఉండటం వల్ల షార్ట్ సర్క్యూట్ ప్రవర్తనను ఎవరైనా రాసుకోవచ్చు, కొత్త ఆపరేటర్‌కు ప్రాధాన్యక్రమాన్నీ తామే ప్రకటించుకోవచ్చు. హాస్కెల్‌లో అవసరం వచ్చేదాకా ఏదీ లెక్కించరు కాబట్టి && సైతం మామూలు ఫంక్షనే. అక్కడ ‘ఎక్సార్‌ను చేర్చాలా’ అన్న ప్రశ్న కమిటీ దాకా పోకుండా జట్టు స్థాయిలోనే తేలిపోతుంది. అలాగని గుర్తుల కొరత తీరిపోయినట్టు కాదు. హాస్కెల్‌లో ^^ను ఘాతాంకం ఎప్పుడో తీసేసుకుంది, రుణ ఘాతాన్ని కూడా అంగీకరించే రూపం అది. బూలియన్ ఎక్సార్ కావలసిన హాస్కెల్ ప్రోగ్రామర్లు ‘సమానం కాదు’ అనే అర్థమిచ్చే /= రాసి ముందుకు సాగిపోతారు.